ఏం పనుండి వెళ్తున్నట్టు?

మన ఇళ్ళల్లో ఒక ఉద్యోగం ఉంది. దానికి నోటిఫికేషన్ పడదు, రాతపరీక్ష ఉండదు, జీతం రాదు, రిటైర్మెంట్ అసలే లేదు. అయినా ఆ పోస్టు ఖాళీగా ఉన్న ఇల్లు కనపడదు. సంపాదించుకుంటున్న ఆడపిల్ల సరదాలకు ఆడిటరు ఉద్యోగం అది. ఒక ఇంట్లో బాబాయి, ఒక ఇంట్లో మేనమామ, ఇంకో ఇంట్లో పైవాటాలో అద్దెకుండే రిటైర్డ్ హెడ్మాస్టారు. కొన్ని ఇళ్ళల్లో వంటతోపాటు ఈ బాధ్యత కూడా అమ్మే చూస్తుంది.

ఆడిట్ సాధారణంగా ఆదివారం సాయంత్రం జరుగుతుంది. పిల్ల గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చూపు సంచీ మీద పడుతుంది. అందులో ఏముంటాయి పాపం? ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన పాత నవలలు, సుల్తాన్ బజార్‌లో కొన్న జూకాలు, పావుకిలో ఉస్మానియా బిస్కెట్లు, అడుగున నలిగిపోయిన ఆర్టీసీ జీరో టికెట్టు.

"ఏం పనుండి వెళ్ళావమ్మా?"

"ఊరికే బాబాయ్."

అంతే. గొప్ప కుంభకోణం బయటపడ్డట్టు ఆయన కళ్ళజోడు సవరించుకుంటారు. ఊరికే ఎందుకెళ్తారు? ఎవరితో వెళ్ళావు? ఎంతయింది? ఇప్పుడిది అంత అవసరమా? ప్రశ్నలు ఇంతవరకే అనుకోకండి. జూకాలు చేత్తో పట్టుకుని బరువు చూస్తారు, నవల అట్ట మీద బొమ్మ చూస్తారు, బిస్కెట్టు మాత్రం ఒకటి నోట్లో వేసుకుంటారు. ఆడిటరుకు ఆ మాత్రం అలవెన్సు ఉంటుంది.

ఆయన సొంత ఖాతా ఎవరూ తియ్యలేదు. తీస్తే బాగుంటుంది. సాయంత్రం ఆరింటికి చొక్కా తొడుక్కుని "అలా వెళ్ళొస్తా" అంటారు. ఆ "అలా" సెంటర్లో టీకొట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ ఒక టీని వన్ బై టూ చేసుకుని, అమెరికా సుంకాల దగ్గర్నుంచి ఎదురింటాయన వియ్యంకుడి అప్పుల దాకా సమస్తం తేల్చేసి తొమ్మిదింటికి తిరిగొస్తారు. "ఏం పనుండి వెళ్ళారు?" అని పిన్ని ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్న మగవాడికి కూడా వర్తిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పల్లెలో రచ్చబండ, పట్నంలో పాన్‌షాపు, కాలేజీ ప్రహరీ, కల్వర్టు పిట్టగోడ, ఫ్లైఓవర్ కింద నీడ, ఇవన్నీ పనిలేని మగవాళ్ళకు పట్టా రాసిచ్చిన స్థలాలు. ఆ పిట్టగోడ మీద ఒక్క ఆడపిల్ల అరగంట కూర్చుని చూడమనండి. ఆమె ఎవరికోసం ఎదురుచూస్తోందో కనుక్కునే పనిలో ఊరు ఊరంతా పడుతుంది. ఎవరికోసమూ కాదంటే నమ్మదు.

ముంబైలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అని ముగ్గురు సరిగ్గా ఈ పిట్టగోడ సంగతే పట్టుకుని 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. నగరంలో ఆడవాళ్ళకు పనీపాటా లేకుండా తిరిగే హక్కు కావాలన్నది వాళ్ళ వాదన. మన ఆడిటరు చేతికి ఆ పుస్తకం ఇస్తే ముందు వెనక అట్ట తిప్పి "ఇదెంత?" అంటారు.

ఇన్నాళ్ళూ ఈ ఆడిట్ శాఖ ఇళ్ళకే పరిమితం. ఈ మధ్య రోడ్డెక్కింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ లాంటి బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, జీరో టికెట్టు ఇస్తారు. అప్పట్నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఆడిటర్ల సంఖ్య అమాంతం పెరిగిపోయింది. టీకొట్టు దగ్గర, పెళ్ళి భోజనాల బంతిలో, మంగలి షాపులో ఒకటే మాట: "ఫ్రీ కదాని పని లేకపోయినా తిరుగుతున్నారండీ." ఈ మాట అంటున్న పెద్దమనిషి ఆ సమయానికి ఏం పని మీద ఉన్నాడో మాత్రం అడక్కూడదు.

2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ళ వీడియో ఒకటి తెలంగాణ అంతా తిరిగింది. అది నాయకుల నోళ్ళలో పడి, బస్సుల్లో బ్రేక్ డ్యాన్సులు కూడా చేసుకోవచ్చన్న ఎద్దేవా దాకా వెళ్ళి, చివరికి మహిళా కమిషన్ గడప ఎక్కింది. చూసినవాళ్ళంతా పనిలేని తిరుగుడుకు ఇదే సాక్ష్యమన్నారు. నాకు అందులో వేరే సంగతి కనపడింది. దొరక్క దొరక్క కిటికీ పక్కన సీటు దొరికితే, బయటికి చూడకుండా రాత్రి కూరకు వెల్లుల్లి ఒలుచుకుంటోంది వాళ్ళలో ఒకామె. బస్సెక్కింది గానీ వంటింట్లోంచి బయటికి రాలేదు. పనిలేదని వెక్కిరించడానికి బస్సు మొత్తం మీద ఆమే దొరికిందా? వెనక సీట్లో నిద్రపోతున్న మగవాళ్ళను ఎవరూ వీడియో తియ్యలేదు.

జీరో టికెట్టును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎక్కడ ఎక్కిందీ ఉంటుంది, ఎక్కడ దిగేదీ ఉంటుంది. ఎందుకు వెళ్తోందన్న గడి ఎక్కడా లేదు. మనిషి పుట్టింది నిజమేనా అని కూడా సర్టిఫికెట్ అడిగే ప్రభుత్వమే ఈ ఒక్కచోట ఊరుకుంది. పక్క సీటు పెద్దాయన మాత్రం ఊరుకోడు. ఆయన బాధ చూడలేక నేనొక ప్రతిపాదన చేస్తున్నాను. సరదా ప్రయాణాలకు ఒక దరఖాస్తు ఫారం పెట్టించండి. పని వివరం అన్న గడిలో "ఆసుపత్రి" అని రాస్తే వెంటనే అనుమతి. "గుడి" అని రాస్తే అనుమతితోపాటు పెద్దాయన నమస్కారం. "పుట్టిల్లు" అని రాస్తే భర్త సంతకం, తిరిగొచ్చే తేదీ. "కిటికీలోంచి చెరువులు చూడ్డానికి" అని రాస్తే తిరస్కరణ, అప్పీలు లేదు. మీసేవలో రుసుము కట్టి, ఇద్దరు సాక్షులతో, మూడు ప్రతులు. పనిలేని తిరుగుడు తగ్గుతుందో లేదో గానీ, ఆ ఫారాలు పరిశీలించడానికి కావలసిన పనిలేని పెద్దమనుషులు మాత్రం మనకు కావలసినంతమంది ఉన్నారు.

పథకాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు ఇంకో రకం ఆడిటర్లు. వీళ్ళు మంచివాళ్ళు, అందుకే వీళ్ళతో ఎక్కువ చిక్కు. "అబ్బే, ఆడవాళ్ళు ఊరికే తిరగడం లేదండీ. కూలికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు, ఆసుపత్రికి వెళ్తున్నారు. మిగిలిన డబ్బుతో పిల్లలకు పాలు కొంటున్నారు" అని లెక్క అప్పజెప్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ లెక్క చెప్పడంలోనే, అడిగినవాడికి అడిగే హక్కుందని ఒప్పేసుకున్నారు. పథకం ఫొటోల్లో ఆడమనిషి చేతిలో పుస్తకాల సంచో, ఎక్స్‌రే కవరో, చంకలో పిల్లాడో ఉండి తీరాలి. చేతిలో ఐస్‌క్రీమ్ పట్టుకుని దిగుతున్న ఆడమనిషి బొమ్మ వేసిన ప్రభుత్వ ప్రకటన నేనింతవరకూ చూడలేదు. కూలికి వెళ్ళే మనిషికి మాత్రం ఒకనాడు ఊరికే తిరగాలని ఉండదా? ఆమెకే ఎక్కువ ఉంటుంది.

"మా పన్నుల డబ్బండీ" అన్నది తర్వాతి బాణం. ఆ పిల్ల సంచీలోనే వెతకండి. బిస్కెట్ల మీద జీఎస్టీ కట్టింది, జూకాల మీద కట్టింది, ఫోను రీఛార్జి మీద కట్టింది, సినిమా టికెట్టు మీద కట్టింది. పన్ను లేనిది ఏదైనా ఉంటే అది అచ్చు పుస్తకం ఒక్కటే. తీరా చూస్తే, ఇంట్లో ఎక్కువ గొడవ దాని మీదే.

కనక పుస్తకం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. నాకిష్టం కూడాను.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. ఎంసెట్ మెటీరియల్ పక్కన అగాథా క్రిస్టీ, నీట్ గైడ్ల కింద వారపత్రికల్లోంచి చించి బైండు చేయించిన సీరియళ్ళు, మధ్యలో ఎవరో ఎవరికో పుట్టినరోజుకు సంతకం పెట్టి ఇచ్చిన కవిత్వం. కొనేవి రెండు, తిరగేసేవి రెండొందలు. గొంతుక్కూర్చుని ఒక పుట చదవడం, లేచి పక్క కుప్పకు జరగడం, వెల అడిగి మొహం పెట్టడం, నాలుగడుగులు వేసి వెనక్కి రావడం. ఈ తతంగంలో సుఖమంతా ఆ నాలుగడుగుల్లో ఉంది. సాధారణంగా డిసెంబరులో హైదరాబాద్‌ ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన, జనవరి వస్తే విజయవాడలో పుస్తక మహోత్సవం. ఏడాదంతా దాచుకున్న డబ్బు అక్కడ పెట్టే పిల్లలున్నారు.

ఆడిటరు ప్రశ్న: "ఏం పుస్తకమమ్మా? గ్రూప్స్‌కా?" గ్రూప్స్‌కైతే పిన్ని టీ కూడా తెస్తుంది. నవలైతే "చదివితే ఏమొస్తుంది?"

ఈ ప్రశ్నకు వయసు చాలా ఉంది. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన కాలంలోనూ ఇదే అడిగారు: ఆడది చదివి ఏం చెయ్యాలి? సంస్కర్తలు ఒక గడుసు జవాబు తయారుచేసుకున్నారు. మంచి ఇల్లాళ్ళవుతారు, మంచి తల్లులవుతారు, మొగుడికి ఉత్తరం రాస్తారు. ఆ కాలానికి ఆ జవాబు పనిచేసింది, తప్పుపట్టను. కానీ నూటయాభై ఏళ్ళు దాటినా ఆ జవాబు మన నెత్తి మీంచి దిగలేదు. ఆడపిల్ల చదివిన ప్రతి పేజీ ఫలితం ఇంకెవరికో అందాలి. పిల్లలకు చెప్పడానికైనా పనికిరావాలి. తనకు బాగుంది అన్నది కారణాల జాబితాలో లేదు. భండారు అచ్చమాంబ బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు, కథలు రాశారు, స్త్రీ సమాజాల కోసం ఊళ్ళు తిరిగారు, ముప్పయ్యేళ్ళు దాటీ దాటకుండానే 1905లో పోయారు. ఆ గుమ్మంలో మన ఆడిటరు కూర్చుని ఉంటే "ఏం పనుండి రాస్తున్నావమ్మా?" అని ఉండేవారు, అనుమానం లేదు.

1960ల, 70ల ముచ్చట ఇంకా పసందు. యద్దనపూడి సులోచనారాణి నవలలు పత్రికల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో, తలగడల కింద, పొయ్యి పక్కన, ఎక్కడ పడితే అక్కడ ఆడపిల్లల చేతులు మారాయి. పెద్దలు ముక్కు చిట్లించారు. పగటికలలన్నారు, రాజశేఖరం లాంటి హీరోలన్నారు, పడవలాంటి కార్లన్నారు. చదువుకున్న విమర్శకులు కూడా అదే పాట కాస్త గ్రాంథికంగా పాడారు. ఆ వెక్కిరింత నడుస్తుండగానే 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ' సినిమాలుగా వచ్చాయి. పుస్తకంలో పగటికలైనది తెర మీద అక్కినేని నడిచేసరికి కుటుంబ సమేతంగా చూడదగ్గ కథైపోయింది. ఇంకో చిత్రం వినండి. రచయిత్రుల పేర్లకు గిరాకీ ఎంత పెరిగిందంటే, కొందరు మగ రచయితలు ఆడపేర్లు తగిలించుకుని రాశారు. ఆడవాళ్ళ పనికిమాలిన చదువు వాళ్ళకు ఆ రకంగా పనికొచ్చింది.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఆకలేస్తుంది. పానీపూరీ బండి దగ్గర నిలబడి తింటే నామోషీ, హోటల్లో కూర్చుని తింటే దుబారా, ఇంటికి తెప్పించుకుంటే బద్ధకం. మూడు తలుపులూ మూసేశాక "మా కాలంలో బయట తినేవాళ్ళమా?" అని నిట్టూరుస్తారు, మిర్చిబజ్జీ మీద నిమ్మకాయ పిండుకుంటూ. ఆమె ఒంటరిగా హోటల్‌కు వెళ్తే మరీ తమాషా. "ఎంతమంది మేడమ్?" అంటాడు కుర్రాడు. ఒక్కదాన్నే అంటే "ఒక్కరేనా?" అని మళ్ళీ అడుగుతాడు, లెక్కలో ఏదో తేడా వచ్చినట్టు. పాత ఇరానీ హోటళ్ళలో ఫ్యామిలీ అని బోర్డు పెట్టి ఓ మూల వేరే గదులుండేవి. ఆడవాళ్ళు వస్తే అటు పంపేవారు. ఒక్క ఆడపిల్ల వెళ్ళి కూర్చున్నా ఆమె కుటుంబమే. మగవాడు మాత్రం పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఒక్క చాయ్ మీద బయటి బల్ల దగ్గర కూర్చుంటే అతను హైదరాబాద్ సంస్కృతి.

ఇక బజారు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కను వేడి మీద సాగదీసి, గుండ్రంగా చుట్టి, మెరుపు రాళ్ళు ఒక్కొక్కటీ పొదుగుతారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. మన పిల్ల నిలబడింది, నాలుగు జతలు చేతికి తొడుక్కుని చూసుకుంది, ఏమీ కొనకుండా వచ్చేసింది. డబ్బు మిగిల్చినందుకు ఆడిటరు మెచ్చుకోవాలి కదా? మెచ్చుకోరు. "కొననిదానికి వెళ్ళడమెందుకు?" కొంటే దుబారా, కొనకపోతే టైమ్ వేస్ట్. ఈ ఖాతాలో లాభం చూపించే మార్గం ఏ చార్టర్డ్ అకౌంటెంటుకూ తెలియదు.

ఈమధ్య ఆడిటర్లకు ఫోన్లో కొత్త గురువులు దొరికారు. కాఫీలు మానేసి ఆ డబ్బు నెలనెలా మదుపు చేస్తే కోటీశ్వరులవుతారని వాళ్ళు చూపుడు వేలు ఊపుతూ చెప్తారు. లెక్క వేద్దాం. వారానికి ఒక నూటయాభై రూపాయల కాఫీ అనుకోండి. నెలకు 650, ఏడాదికి 7,800, పదేళ్ళకు 78,000. పదేళ్ళు నాలుక కట్టేసుకుంటే చేతికొచ్చే అసలు ఇది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. అంటే పదేళ్ళ కాఫీ త్యాగంతో కాసు బంగారం కూడా రాదు. వడ్డీ కలిపితే వస్తుందనుకుందాం, ఈలోగా బంగారం ఎక్కడికెళ్ళి కూర్చుంటుందో దేవుడికెరుక.

బంగారం మాట వచ్చింది కాబట్టి ఆడిటరుగారి రెండో కళ్ళజోడు సంగతి కూడా చెప్పాలి. నూటఇరవై రూపాయల జూకాలను పట్టి పట్టి చూసిన మనిషే నగల షాపు మెట్లెక్కగానే మారిపోతారు. తరుగు ఇంత, మజూరీ ఇంత, దాని మీద పన్ను ఇంత అని బిల్లు చూపిస్తే తలూపి సంతకం పెడతారు. రేపు ఆ నగ అమ్మబోతే తరుగు, మజూరీ కింద పోసిన వేలల్లో పైసా వెనక్కి రాదు. అయినా అది ఆదా. అదే పిల్ల పెళ్ళికి ఫంక్షన్ హాలు, డ్రోను కెమెరా, ఐదొందలమంది సగం తిని వదిలేసే ఇరవై రకాల వంటకాలు, అది మర్యాద. కట్నం తీసుకోవడం, ఇవ్వడం 1961 నుంచి చట్టప్రకారం నేరం. పానీపూరీ తినడం ఏ చట్టం కిందా నేరం కాదు. ఇంట్లో సంజాయిషీ దేనికి అడుగుతున్నారో మీరే చూసుకోండి.

ఇక్కడో చిన్న పిడకల వేట. చుడీదారుకు జేబు పెట్టమని టైలరును అడిగి చూడండి. "జేబెందుకమ్మా?" అంటాడు. ఆయన కూడా ఆ శాఖలోనే పనిచేస్తాడని అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఫైలు ప్రయాణానిది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే సొరంగం వెనక సొరంగం దాటుకుంటూ బొర్రా గుహల మీదుగా అరకు చేరుస్తుంది. ఆ దారిలో శిమిలిగూడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని ఒకప్పుడు దానికి పేరు. సొరంగంలోకి రైలు దూరగానే బోగీలో పిల్లలంతా కేకలేస్తారు, బయటికి రాగానే లోయ. ఇద్దరు స్నేహితురాళ్ళతో వెళ్ళొస్తానని మన పిల్ల అడిగింది. సమాధానం తెలుగునాట ప్రతి ఆడపిల్లకూ కంఠతా వచ్చినదే: "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్దువుగానిలే."

ఆ "తర్వాత" ఎలా ఉంటుందో చూద్దాం. పెళ్ళయ్యాక అత్తగారి మొక్కులు తీరాలి. ఆ తర్వాత పిల్లలు చిన్నవాళ్ళు, ఎలా కదులుతాం? తర్వాత పదో తరగతి, ఇంటర్మీడియెట్, వాళ్ళ పరీక్షలకు ఈమె ఇల్లు కదలకూడదు. తర్వాత వాళ్ళ పెళ్ళిళ్ళు, పురుళ్ళు, అవసరమైతే అమెరికా వెళ్ళి మరీ పురుళ్ళు. అదీ ప్రయాణమే కదా అంటారు. డాలస్‌లో వంటింటి కిటికీలోంచి ఆర్నెల్లు చూసిన పార్కింగ్ స్థలాన్ని ప్రయాణమంటే ప్రయాణమే. అన్నీ తీరేసరికి మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్తాడు. అప్పుడు సీనియర్ సిటిజన్ల ప్యాకేజీలో కాశీ. అదైనా పుణ్యం కోసం.

ఈలోగా ఏం చేస్తూ గడిచింది? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ఒక లెక్క చెప్పింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. తేడా 201 నిమిషాలు. సెంటర్లో టీకొట్టు సభ ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఎవరి సమయంతో నడుస్తోందో ఈ తీసివేత చెప్తుంది.

నిజానికి ఈ కారణాల గొడవ నుంచి తప్పించుకునే ఉపాయం మన సాహిత్యంలోనే ఉంది. ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగానికి సెలవు పెట్టి 1830లో బయల్దేరి, దాదాపు నూరుమంది పరివారంతో పదిహేను నెలలు తిరిగి, 1831లో ఇల్లు చేరాడు. ఆ రాతలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. పేరు కాశీదే. మనిషి చూపు మాత్రం దారిలో ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాలి, ఎక్కడి జనం ఎలా ఉన్నారు అన్న వాటి మీద. దేవుడి పేరు చెప్పి దేశం చూశాడు, మనకు మంచి పుస్తకం మిగిల్చాడు. ఈనాటి అమ్మాయిలూ అదే నేర్చుకున్నారు. గోవా అంటే గుండెపోటు వచ్చే ఇళ్ళల్లో "అరుణాచలం గిరిప్రదక్షిణ" అంటే ఎదురు డబ్బులిస్తారు. పద్నాలుగు కిలోమీటర్ల ప్రదక్షిణ చేస్తారు, పుణ్యం వస్తుంది, పక్కనే పుదుచ్చేరి ఉందని ఇంట్లోవాళ్ళు మ్యాపు చూడరు. ఉపాయం బాగుంది, నవ్వొస్తుంది. కానీ ఇరవయ్యారేళ్ళు వచ్చి, సొంత జీతం తింటున్న మనిషి సముద్రం చూడ్డానికి పరమశివుణ్ణి జామీనుగా పెట్టాల్సి రావడం ఏం మర్యాద? ఆ శివుడికి మాత్రం ఏం మర్యాద?

ఇంతా చెప్పాక ఆడిటరు తన ఆఖరి అస్త్రం తీస్తారు. "మేం వద్దంటున్నామా? రోజులు బాగాలేవు. భయంకొద్దీ అడుగుతున్నాం." ఈ మాటను వెక్కిరించను. రోజులు బాగాలేని మాట నిజమే, తల్లిదండ్రుల భయమూ నిజమే. నేనడిగేది ఒక్కటే. భయం అంత నిజమైతే, దాని తాలూకు ప్రశ్న ప్రతిసారీ పిల్ల దగ్గరికే ఎందుకొస్తుంది? లేడీస్ హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదిన్నరకు తాళం పడుతుంది. బాయ్స్ హాస్టల్‌కు గేటుందని అందులో ఉండేవాళ్ళకే తెలియదు. 2015లో ఢిల్లీ అమ్మాయిలు పింజ్రా తోడ్ (పంజరం బద్దలుకొట్టు) పేరుతో రోడ్డెక్కి అడిగింది ఈ తాళం గురించే. బయట తోడేళ్ళున్నాయని చెప్పి జింకను బోనులో పెట్టడం మనకు ఎంత అలవాటైందంటే, అడవి శాఖ ఒకటుందన్న సంగతే మర్చిపోయాం. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు చూసే ఆడపిల్లకు అడుగడుక్కీ ఎదురయ్యే కష్టం ఏమిటో ఆడిటరుకు తెలుసా? గూండాలు కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి వెతుక్కోవడం. రాత్రి తిరిగొస్తుంటే భయపెట్టేది నవల కాదు, లైటు వెలగని బస్టాపు, వస్తుందో రాదో తెలియని ఆఖరి బస్సు.

కాబట్టి ఆడిటరుగారూ, మీ కలానికి పని కల్పిస్తాను. రేపు పొద్దున మునిసిపల్ ఆఫీసుకొక అర్జీ, డిపో మేనేజరుకొక అర్జీ రాయండి. బజారులో ఆడవాళ్ళకు నీళ్ళొచ్చే మరుగుదొడ్డి కావాలని, బస్టాపులో లైటు వెయ్యాలని, రాత్రి పదిన్నరకు ఇంకొక్క బస్సు నడపాలని. టీకొట్టు మిత్రులందరి చేతా సంతకాలు పెట్టించండి. అక్కడి గుమస్తా కళ్ళజోడు సవరించుకుని "ఎందుకండీ ఇవన్నీ?" అని అడక్కమానడు. "మా అమ్మాయి ఊరికే తిరిగి రావడానికి" అని రాసివ్వండి.